పింగాణి తుంటిలో సద్దు

కోయంబత్తూరు దగ్గరి అవినాశి చుట్టుపక్కల బావులున్న ఊళ్ళలో అళగిరిసామి నాయుడిని ఎరగని రైతు లేడు. పంపుసెట్టు మొరాయిస్తే ముందు ఆయనకు కబురు వెళ్ళేది, కరెంటాఫీసుకు ఆ తర్వాత. ఆయన వచ్చి చేసే మొదటి పని కూడా అందరికీ తెలుసు. సంచిలోంచి మూరెడు పొడుగు స్క్రూడ్రైవర్ తీసి, దాని మొనను తిరిగే మోటారు మీద బేరింగు ఉన్నచోట ఆనించి, పిడిని చెవికి పెట్టుకుని కళ్ళు మూసుకునేవాడు. పక్కన నిలబడి రైతు చెప్పే కథంతా ఆ చెవికి ఎక్కేది కాదు. బావిలో నీళ్ళు అడుగంటినా మోటారు ఆపకుండా ఎవడు నిద్రపోయాడో, ఎవడు గ్రీజు పెట్టానని చెప్పి పెట్టలేదో ఆయనకు ఆ పిడే చెప్పేది. మనుషులు అబద్ధమాడతారు, మోటార్లు ఆడవు అని ఆయన గట్టి నమ్మకం.

అనుమానం ఆయనకు పుట్టుకతో వచ్చిందో, పనితో వచ్చిందో చెప్పడం కష్టం. పాలవాడు కొలిచేటప్పుడు కొలపాత్రలో వేలు ముంచుతున్నాడేమోనని వంగి చూసేవాడు. కొడుకు శరత్‌కుమార్ పెళ్ళిచూపులకు వెళ్ళినప్పుడు పిల్లను చూడకముందే ఆ ఇంటి నీళ్ళ మోటారు విని, "ఈ ఇంట్లో ఎవరికీ ఓపిక లేదు, అరిగేదాకా తిప్పిండారు" అని కొడుకు చెవిలో ఊదాడు. ఆ పిల్లే కోడలైంది. ఆ మాట ఆమె ఇప్పటికీ ఎత్తి చూపి నవ్వుతుంది, ఆయన మాత్రం నవ్వడు. మోటారు అప్పుడు అరిగి ఉన్నమాట నిజమే కదా అంటాడు.

కోయంబత్తూరులో గణపతి అనే పేటలో ఆయనకు చిన్న పట్టరై ఉండేది, రిపేరు షెడ్డు. మధ్యాహ్నం పనివాళ్ళు సద్దిమూటలు విప్పినప్పుడు ఆయన భార్య కమలమ్మాళ్ మజ్జిగ పోస్తూ ఉండేది. ఆయన అప్పుడు కూడా పాఠం ఆపేవాడు కాదు. వాసన పట్టి వైరు ఎక్కడ కాలిందో ఎట్లా చెప్పాలి, చేతి వేడితో బేరింగు వయసు ఎట్లా కొలవాలి, ఒకే దిమ్మె మీద రెండు మోటార్లు ఉంటే ఒకదాన్ని ఆపి రెండోదాన్ని ఎట్లా వినాలి, ఇవన్నీ అన్నం ముద్దలతో పాటు వాళ్ళ గొంతు దిగేవి. మజ్జిగ చెంబు పట్టుకుని కమలమ్మాళ్ కూడా వినేది. ఏళ్ళ తరబడి విన్నది కాబట్టి ఆమెకు అవి నోటికొచ్చేశాయి.

ఇలాంటి మనిషి ఒంట్లో, ఆయన కంటికి కనపడని చోట ఒక వస్తువు పెట్టడమంటే మాటలా? పన్నెండేళ్ళ కిందట పంపుగదిలో పాకుడు మీద జారిపడి కుడి తుంటి విరిగినప్పుడు అదే జరిగింది. అప్పటి పెద్ద డాక్టరు, విరిగిన ఎముక గుండు తీసేసి, దాని చోట కొత్త గుండూ గిన్నే పెడతానన్నాడు. అళగిరిసామి అడిగాడు, "దేంతో చేసిండేది?" డాక్టరు తమిళంలో, సెరామిక్ అనీ, పింగాన్ లాంటిదనీ చెప్పాడు. మంచం మీద ఉన్న మనిషి మోచేతుల మీద లేచి కూర్చోబోయి నొప్పికి మళ్ళీ వాలిపోయాడు.

ఎందుకంటే పింగాణిని ఆయనకంటే ఎక్కువ ఎరిగినవాళ్ళు ఆ ఆసుపత్రిలో లేరు. అదీ ఆయన అభిప్రాయమే అనుకోండి. పంపులోంచి ఇరుసు బయటికి వచ్చేచోట నీళ్ళు కారకుండా ఒక సీలు ఉంటుంది. ఉంగరంలా గుండ్రంగా ఉండే తెల్లటి పింగాణి కట్టు ఒకటి, దాని మీద రాసుకుంటూ తిరిగే నల్లటి కార్బన్ కట్టు ఒకటి. రెంటి మధ్యా నీళ్ళు పల్చగా ఆడుతుంటే ఏళ్ళ తరబడి చెక్కుచెదరవు. నీళ్ళు లేక ఎండిపోయి తిరిగితే ముందు కీచుమంటాయి, తర్వాత కాగుతాయి, ఆ కాక మీద చల్లనీళ్ళు పడితే పింగాణి టప్పున పగిలిపోతుంది. పగిలిన సీళ్ళు ఆయన చేతుల మీదుగా బుట్టలు బుట్టలు వెళ్ళాయి. ఇప్పుడు దాన్ని తెచ్చి తన తుంటిలో పెడతారట.

"కాల్లో గుచ్చిన ముల్లునే ఒళ్ళు పెట్టుకోదు, చీము పట్టి తోసేస్తాది," అన్నాడు కమలమ్మాళ్‌తో. "ఇంత లావు పింగాన్‌ను ఎన్నాళ్ళు పెట్టుకుంటాది?"

"డాక్టరు ఊరికే చెప్తారా?" అంది ఆమె.

"డాక్టరు నాకు పంపు అమ్మితే నేను నమ్ముతానా? ఇదీ అట్లనే."

ఆపరేషన్ అయింది. అంతా సవ్యంగానే అయింది, కాని అళగిరిసామి దాన్ని సవ్యం అని ఒప్పుకోలేదు. మొదటి ఏడాది అంతా కుట్టు దగ్గర చీము చెమరుస్తుందేమోనని కమలమ్మాళ్ చేత అద్దం పట్టించుకుని చూసుకున్నాడు. చీము రాలేదు. రాకపోవడం మరీ అనుమానంగా ఉంది అన్నాడు. ఆపైన తన తుంటికి తానే కట్టుబాట్లు పెట్టుకున్నాడు. నడకకు బయల్దేరే ముందు పంపుకు నీళ్ళు పోసినట్టు రెండు లోటాల నీళ్ళు గటగటా తాగాలి, సీలు ఎండకూడదు. నడిచి వచ్చాక కాసేపు కూర్చుని ఒళ్ళు చల్లారిన తర్వాతే స్నానం, లేకపోతే వేడి మీద పగులుతుంది. కోడలు చారులత పొరపాటున ఒకసారి ఆయన వచ్చీరాగానే చన్నీళ్ళు తోడి పెడితే, తనను చంపడానికి చూస్తోందన్నంత దూరం వెళ్ళాడు. ఒళ్ళంటే పంపు కాదని ఎవరైనా చెప్పబోతే చెవిన పెట్టేవాడు కాదు.

ఒంటరిగా వీధిలోకి మాత్రం అడుగుపెట్టేవాడు కాదు. ఎక్కడ పగిలి కూలబడతానో అని భయం. డాక్టరు రోజూ నడవమన్నాడు కనుక నడవాలి, నడవాలంటే కమలమ్మాళ్ పక్కన ఉండాలి. పొద్దున్నే పాల ప్యాకెట్లు దిగే వేళకు ఇద్దరూ బయల్దేరేవాళ్ళు. ఆయన కుడిపక్కన ఆమె, ఆయన కుడి భుజం మీద ఆమె ఎడమ చెయ్యి. ఆయన పడితే పట్టుకోవడానికని మొదట్లో వేసిన చెయ్యి అది. కొన్నేళ్ళు గడిచాక ఆ చెయ్యే ఆయన మీద బరువుగా ఆనడం మొదలైంది. ఆమె ఎడమ తుంటి అరిగిపోతోంది.

మెట్లెక్కడానికి రెయిలింగు పట్టుకునే స్థితి వచ్చాక, ఒకరోజు ఆమే నోరు విప్పి అడిగింది. "నేను కూడా మీ మాదిరి చేసుకొనేదా? నొప్పి జాస్తి అయిపోయె."

శరత్‌కుమార్ అప్పుడే ఆసుపత్రికి ఫోను చేయబోయాడు. అళగిరిసామి అడ్డం పడ్డాడు. దుర్మార్గం కాదు, ఆయన పద్ధతే అది. పట్టరైలో కొత్త రకం సీలు ఏది వచ్చినా ముందు తన పంపులో వేసి బాగా నడిపి చూసేవాడు, అది నిలిస్తేనే రైతు పంపులో వేసేవాడు. ఆ పద్ధతి వల్లే ఆయనకు అంత పేరు.

"నాది ఇంకా తేలలేదు కమలా," అన్నాడు. "నాలో ఒకటి నడుస్తా ఉండాది కదా, అది నిలిచేదో పగిలేదో చూస్తాము. నిలిస్తే నీకు. నీకు ఏదన్నా అయితే నేనేమి చేస్తాను?"

ఆ చివరి మాట ఆమెను కట్టిపడేసింది. పెళ్ళయిన ఇన్నేళ్ళలో ఆయన అలాంటి మాట అనడం అరుదు. సరేనంది. నొప్పిమాత్ర వేసుకుని నడకకు వస్తూనే ఉంది.

ఇంకో రెండేళ్ళకు సద్దు మొదలైంది.

మోటార్ల మధ్య ముసలిదైన ఆ చెవి దాన్ని తొలిరోజే పట్టుకుంది. వీధి మలుపు తిరిగి ఎత్తు ఎక్కేచోట, అడుగు పడినప్పుడల్లా "కిర్రు" మని సన్నగా. ఆయన ఆగాడు. సద్దు ఆగింది. నడిచాడు. మళ్ళీ వచ్చింది, సరిగ్గా తన కుడి తుంటి దగ్గర. ఎండిన సీలు పగలబోయే ముందు చేసే సద్దు అదే.

"వింటివా?" అన్నాడు.

"ఆమా, వింటిని," అంది కమలమ్మాళ్. "అది మీది కాదండి," అంది.

"సుమ్మా, ఊరికే సమాధానం చెప్పొద్దు. చెవిటివాణ్ణా నేను?"

ఆమె మరో రెండుసార్లు చెప్పబోయింది. తనను ఊరడించడానికి అంటోందనీ, కొడుకు నేర్పి పంపాడనీ ఆయన తీర్మానించుకున్నాడు. ఆ తర్వాత ఆమె చెప్పడం మానేసింది. భర్త సంగతి తెలిసిన మనిషి.

ఇంట్లో తిరిగేటప్పుడు సద్దు రాకపోతే, చల్లగా ఉన్న సీలు ఎక్కడ మోగుతుంది, నాలుగడుగులు పడి కాగితేనే మోగేది అని తనకు తానే చెప్పుకున్నాడు. గోడకానుకుని స్క్రూడ్రైవర్ మొన తుంటి మీద పెడితే పిడి చెవికి అందక మెడ పట్టేసింది. కొడుకుని నిలదీశాడు. "ఆ పొద్దు మంచిదే పెట్టించితివా, లేదా ఏదో ఒకటి పెట్టించితివా?" శరత్‌కుమార్ మొహం మాడ్చుకుని లేచి వెళ్ళిపోయాడు. తండ్రీకొడుకులు కొన్నాళ్ళు ముఖాముఖి మాట్లాడుకోలేదు. కోడలు మధ్యవర్తిగా, కాఫీ కావాలా అని ఇద్దర్నీ విడివిడిగా అడుగుతూ తిరిగింది.

అళగిరిసామి మటుకు ఒక్కటి తేల్చేశాడు. తనది పగలబోతోంది. అది తెలిసీ ఆ పింగాణిని కమలకు పెట్టించడమంటే తెలిసి తెలిసి గోతిలో తొయ్యడమే. ఆమె మాట ఎత్తినప్పుడల్లా, "నాది మోగతా ఉంటే నీకెట్లా పెట్టిస్తాను?" అనేవాడు. ఆమె పొద్దున నీళ్ళ లోటా అందించేది, తను మాత్ర మింగేది, చెయ్యి ఆయన భుజం మీద వేసేది. ఇద్దరూ ఎత్తు ఎక్కేవాళ్ళు. కిర్రు, కిర్రు. ఆయన పళ్ళు బిగించి వినేవాడు. ఆమె పళ్ళు బిగించి నడిచేది.

అలా మరో రెండేళ్ళు. చివరికి ఒకనాడు కమలమ్మాళ్ స్నానాలగది గడప దాటలేక నిలబడిపోయింది. కోడలు ఎత్తి తీసుకురావలసి వచ్చింది. శరత్‌కుమార్ ఇక తండ్రిని అడగలేదు. కారు తెచ్చి వాకిట్లో పెట్టి, "నాయనా, మీదీ చూపించేస్తాము, ఆ సద్దు ఏమిటో తెలిసిపోనీ. ఎక్కండి," అన్నాడు. తన తుంటి కోసమంటే ఎక్కాడు ఆయన.

పెద్ద డాక్టరు ఎప్పుడో పని మానుకున్నారట. ఆయన కుర్చీలో చిన్న వయసు ఆడమనిషి కూర్చుని ఉంది. ఇందుజ అని పేరు. వీళ్ళు తమలో మాట్లాడుకునేది విని తెలుగులో పలకరించింది. అళగిరిసామికి అదీ అనుమానమే అయింది.

"ఏ ఊరమ్మా నీది?"

"మదురైండి. మాట్టుతావణి సంతలో మూటలు మోసే ఆండియప్ప కూతుర్ని. ఇంట్లో తెలుగే, బయట అరవం."

"చిన్నపిల్లవిగా ఉండావే?"

"ఎముక ముసలిది కాకుండా ఉంటే చాలు కదండి," అని ఆమె ఎక్స్‌రే తీయించింది. తెర మీద ఆయన తుంటి తెల్లగా, గుండు గిన్నెలో గుండ్రంగా కూర్చుని కనిపించింది. ఆమె వేలితో అంచు చుట్టూ చూపించింది. "ఇక్కడ పింగాన్ గుండు, దాని చుట్టూ పింగాన్ గిన్నె. గిన్నెకు బయట లోహం చిప్ప. చిప్పకూ మీ ఎముకకూ నడమ నల్లగీత ఉంటే ఊడుతా ఉండాదని అర్థం. లేదు చూడండి. ఎముకే వచ్చి పట్టుకొని ఉండాది."

"ముల్లు మాదిరి ఒళ్ళు దీన్ని తోసెయ్యదా?"

"ముల్లులో మురికి ఉంటాది, కుళ్ళుతాది, అందుకని ఒళ్ళు కొట్లాడతాది. ఇది కుళ్ళదు, తుప్పు పట్టదు. అరిగిన పొడి రాలితేనే తగాదా. పొడి ఎక్కువైతే ఒళ్ళు రేగి చుట్టూ ఉండే ఎముకను తనే కొరుక్కుంటాది. పింగాన్‌లో రాలే పొడి చాలా కొంచెం. పన్నెండేండ్లుగా మీ ఒళ్ళు దీన్ని పక్కన పెట్టుకొని సుమ్మా కాపురం చేస్తా ఉండాది."

"ఫొటోకు సద్దు వినపడదు కదా," అన్నాడు అళగిరిసామి.

ఆమె నవ్వలేదు. "నిజమే. కొందరికి ఇందులో సద్దు వస్తాది. వస్తే దాన్ని విడిచిపెట్టకూడదు. నడవండి, వింటాను."

తన మాట ఒప్పుకున్న మొదటి డాక్టరు. ఆయన గెలిచినవాడిలా కొడుకు వంక చూసి, రెండు లోటాల నీళ్ళు అడిగి తాగి, వరండాలోకి వచ్చాడు. అలవాటుగా కుడి భుజం వంచి కమలమ్మాళ్ చెయ్యి కోసం ఆగాడు. డాక్టరు ఆపింది. "అమ్మ కూర్చొని ఉండనీ. మీరు ఒక్కరే."

ఒక్కడే నడవడం ఎన్నాళ్ళకో. భయంభయంగా ఆ చివరిదాకా వెళ్ళి వచ్చాడు. సద్దు లేదు. కాగలేదన్నాడు. మళ్ళీ నడిపించింది. ర్యాంపు మీద ఎక్కించి దింపించింది. చెమట పట్టింది. తుంటి ఉలకలేదు, పలకలేదు. కాగిన సీలు మోగకపోవడమంటే ఏమిటో ఆయనకు తట్టలేదు. వరండా మధ్యలో తెల్లమొహం వేసుకుని నిలబడ్డాడు.

అది చూసి, పడిపోతాడేమోనని కమలమ్మాళ్ బెంచీ మీంచి లేచింది. బెంచీ పట్టుకుని ఒక అడుగు వేసింది.

కిర్రు.

ఇంకొకటి వేసింది. కిర్రు.

అళగిరిసామి ఇక్కడ ఉన్నాడు. సద్దు అక్కడ ఉంది. నడకలో ఇంత దూరం ఎన్నడూ లేదు వాళ్ళిద్దరి మధ్య, భుజమూ చెయ్యీ ఒకటిగా, అరిగిన తుంటీ పింగాణి తుంటీ పక్కపక్కన పెట్టుకుని నడిచారు ఇన్నాళ్ళూ. ఎముక మీద ఎముక రాసుకునే సద్దు అది.

"నిలువు," అన్నాడు. "కమలా, అడుగు వెయ్యొద్దు. నిలువు."

ఆమె నిలబడింది. సద్దు నిలబడింది.

"నీదా?"

"చెప్తిని కదండి, మీది కాదని." కోపం లేదు ఆ గొంతులో, అలసట ఉంది. "రెండు మోటార్లు ఒకే దిమ్మె మీద ఉంటే ఒకటి ఆపి వినవలెనని పనివాళ్ళకు మీరే చెప్తా ఉంటిరి. నేను మజ్జిగ పోస్తా ఉంటిని."

లోకం మొత్తాన్నీ అనుమానించిన మనిషి ఒక్క తన చెవిని మాత్రం ఏనాడూ అనుమానించలేదు. సిగ్గుతో, దుఃఖంతో ఆయన కళ్ళు నిండిపోయాయి. కొడుకు చూడకుండా తుడుచుకోబోయాడు, కాని కొడుకు చూశాడు.

కమలమ్మాళ్ ఎక్స్‌రే చూసి ఇందుజ మెల్లగా చెప్పింది. గుండు అణిగిపోయింది, పైనున్న ఎముక గిన్నె కూడా అరిగి పల్చబడింది. "ముందే వచ్చి ఉంటే సులువుగా పోయేది, కాలూ సమంగా ఉండేది. ఇప్పుడూ చేస్తాము, నడుస్తారు, నొప్పి పోతాది. అయితే కాలు ఇంక సమం కాదేమో, కొంచెం కురచగా నిలుస్తాది."

ఏ కంపెనీది, ఎన్నేళ్ళు నిలుస్తుంది, పగిలితే ఎవరిది పూచీ అని అళగిరిసామి అడుగుతాడని శరత్‌కుమార్ కాచుకుని ఉన్నాడు. ఆయన అడగలేదు. "నాకు పెట్టిందే పెట్టండమ్మా," అన్నాడు అంతే.

పెట్టారు. నొప్పి పోయింది. డాక్టరు చెప్పినట్టే ఎడమ కాలు బొటనవేలి వెడల్పంత కురచగా నిలిచింది. చెప్పుల అంగడివాడు మడమ ఎత్తు చేసి ఇస్తానన్నాడు కాని అళగిరిసామి ఒప్పుకోలేదు. మూసేసిన పట్టరై తాళం తీసి, పంపు మూతల మధ్య వేసే రబ్బరు షీటు వెతికి తెచ్చి, ఆమె ఎడమ చెప్పు కింద కొలతకు కోసి పొరమీద పొర అంటించాడు. రెండుసార్లు విప్పి మళ్ళీ అంటించాడు. ఎంత సరిచేసినా ఆ చెప్పు నేలను తాకినప్పుడల్లా "తప్పు" మని మోగుతుంది.

మళ్ళీ పొద్దున నడక మొదలైంది. ఆయన ఇప్పుడు నీళ్ళు తాగి బయల్దేరడు. వీధి మలుపు దాటి ఎత్తు ఎక్కుతుంటే ఒకనాడు ఆయన మెడ పక్కకు వంచి వింటూ ఉండడం కమలమ్మాళ్ చూసింది. పాత బుద్ధి మళ్ళీ వచ్చిందేమోనని ఆమెకు భయమేసింది.

"ఏమండి, సద్దు వస్తా ఉండాదా?"

"వస్తా ఉండాది."

"నా చెప్పుదండి అది."

అళగిరిసామి ఆమె చేతిని భుజం మీంచి తీసి తన చేతిలో పట్టుకున్నాడు.

"కాదు కమలా," అన్నాడు. "అది నాదే."